ఏ కంప్యూటరు మనకు తగినది?

కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి ప్రాంతాలలో అగ్గిపెట్టెల తయారీ ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. ఇక్కడి పిల్లలకు అగ్గిపెట్టె గురించి వేరే చెప్పనవసరం లేదు. అయినా ఒక చిన్న విషయం గమనించండి. మనం వాడే అగ్గిపుల్లను గోడమీద గీస్తే వెలగదు. పెట్టె పక్కనున్న పట్టీమీద గీస్తేనే వెలుగుతుంది. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు, పట్టీలో ఎర్రభాస్వరం ఉంటాయి. ఆ రెండూ రాసుకున్నప్పుడే నిప్పు పుడుతుంది. అయితే ఒక కంపెనీ పుల్లను మరొక కంపెనీ పెట్టెమీద గీసినా అది వెలుగుతుంది. పెట్టెమీది బొమ్మ వేరు, పేరు వేరు. పని మాత్రం ఒక్కటే. అందువల్ల అగ్గిపెట్టె కొనేటప్పుడు మనం ఏ కంపెనీకీ కట్టుబడిపోము. ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి కొనుక్కోవచ్చు.

కంప్యూటరు సంగతి ఇంత సులభం కాదు. ఒక రకం కంప్యూటరుకోసం తయారైన సాఫ్ట్‌వేరు మరొక రకంలో పనిచేయకపోవచ్చు. ఒకదానిలో వ్రాసిన లేఖను మరొకదానిలో తెరిస్తే అక్షరాలు చెదిరిపోవచ్చు. ఒకదానికి అలవాటుపడినవారు మరొకదానికి మారాలంటే కొంత కష్టపడాలి. కాబట్టి దీనిని కొనేముందు ఆలోచన అవసరం. ఏమేమి ఆలోచించాలి? ముఖ్యంగా ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకాలలో ఆంగ్లం, ఇలా మూడు భాషల నడుమ పెరిగే మనం ఏమి గమనించాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

పెళ్ళింటి పెద్దమనిషి

కంప్యూటరు అంటే తెర, కీబోర్డు, లోపలి విడిభాగాలు మాత్రమే కాదు. ఇవన్నీ ఒక క్రమంలో పనిచేయాలంటే వాటికి ఒక పెద్దదిక్కు కావాలి. పెళ్ళింటిని తలచుకోండి. వంటవారికి సరుకులు అందించడం, వచ్చినవారిని కూర్చోబెట్టడం, మేళగాళ్ళకు చోటు చూపడం, ఒకరి పని మరొకరికి అడ్డురాకుండా చూడడం, ఇదంతా ఒక పెద్దమనిషి చేతిమీదుగా జరుగుతుంది. ఆయన పెళ్ళికొడుకు కాదు, వంటవాడూ కాదు. కాని ఆయన లేకపోతే పెళ్ళి సాగదు.

కంప్యూటరులో ఈ పెద్దమనిషి పని చేసే సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. తెలుగులో నిర్వహణ వ్యవస్థ అనవచ్చు. మనం ఒక మీట నొక్కితే ఆ అక్షరాన్ని తెరమీదికి చేర్చేది, వ్రాసినదాన్ని భద్రపరిచేది, ముద్రణయంత్రానికి పంపేది అదే. లెక్కలు, బొమ్మలు, పాటలు మొదలైనవాటి సాఫ్ట్‌వేర్లన్నీ దాని ఆధారంతోనే నడుస్తాయి. కాబట్టి "ఏ కంప్యూటరు కొనాలి?" అనే ప్రశ్నలో "ఏ నిర్వహణ వ్యవస్థ ఉన్నది కొనాలి?" అనే ప్రశ్న దాగి ఉంది.

మూడు కుటుంబాలు

నిత్యజీవితంలో మనకు ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు కుటుంబాలు. మొదటిది మైక్రోసాఫ్టు సంస్థవారి విండోస్. 1981లో ఐబిఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు, దానికి నిర్వహణ వ్యవస్థను మైక్రోసాఫ్టు అందించింది. తరువాత ఎన్నో సంస్థలు ఆ నమూనాలోనే కంప్యూటర్లు తయారుచేశాయి. వాటితోపాటు మైక్రోసాఫ్టు వ్యవస్థ కూడా లోకమంతా వ్యాపించింది. 1985లో విండోస్ మొదటి రూపం వచ్చింది. 1995లో వచ్చిన విండోస్ 95 కార్యాలయాలలోను, ఇళ్ళలోను స్థిరపడింది.

రెండవది ఆపిల్ సంస్థవారి మాక్. ఇది 1984లో వెలువడింది. ఆజ్ఞలను అక్షరాలలో టైపు చేయనక్కరలేకుండా, తెరమీది బొమ్మలను మౌసుతో నొక్కి పనిచేయించే పద్ధతిని సామాన్యులకు చేరువ చేసింది. యంత్రాన్నీ, దాని వ్యవస్థనూ ఒకే సంస్థ తయారుచేయడం దీని ప్రత్యేకత. అందువల్ల అవి రెండూ చక్కగా అమరుతాయి. కాని ధర ఎక్కువ.

మూడవది లినక్సు. 1991లో ఫిన్లాండు దేశంలో, హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీని కేంద్రభాగాన్ని వ్రాసి, ఎవరైనా చూచి బాగుచేయడానికి వీలుగా లోకం ముందుంచాడు. అంతకుముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకోసం 'గ్ను' అనే ప్రయత్నాన్ని ప్రకటించాడు. ఆ ప్రయత్నంలో తయారైన పనిముట్లు లినక్సు కేంద్రభాగంతో కలిశాయి. డెబియన్, ఉబుంటు, ఫెడోరా మొదలైనవన్నీ ఈ కుటుంబంలోని వేరువేరు రూపాలు.

చేతిఫోన్లలో ఆండ్రాయిడ్, ఐఫోను అనే రెండు తెగలున్నాయి. ఆండ్రాయిడ్‌లోని కేంద్రభాగం లినక్సే. అంటే లినక్సు పేరు ఎన్నడూ విననివారి జేబులో కూడా అది ఉండవచ్చునన్నమాట!

మిఠాయి, దాని పాకం

ఈ వ్యవస్థల మధ్య ధరలోనే కాదు, యాజమాన్యంలోనూ తేడా ఉంది. దానిని ఒక ఉదాహరణతో తెలుసుకుందాం.

కోవిల్‌పట్టి కడలై మిఠాయి ప్రసిద్ధమైనది. వేరుసెనగ గింజలు, బెల్లపు పాకంతో చేసే ఈ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. దుకాణానికి వెళ్ళి డబ్బిచ్చి మిఠాయి కొనుక్కుంటాం. పాకం ఏ పదునులో దించారో దుకాణదారు మనకు చెప్పనక్కరలేదు. మిఠాయి బాగుంటే మనకు చాలు. విండోస్, మాక్ వ్యవస్థలు ఇటువంటివి. వాటి లోపలి రచన ఆ సంస్థల సొత్తు. మనం వాడుకోవచ్చు, విప్పి చూడడానికి, మార్చడానికి, ఇతరులకు పంచడానికి అనుమతి లేదు.

ఇంటిలో అవ్వ మిఠాయి చేసేటప్పుడు మనల్ని పక్కన కూర్చోబెట్టుకొని పాకం పదును చూపిస్తుంది. మనం నేర్చుకొని బెల్లం కొంచెం తగ్గించి చేసుకోవచ్చు. పొరుగువారికి నేర్పవచ్చు. లినక్సు ఇటువంటిది. దాని రచనను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. అయితే ఇంటిలో చేసిన మిఠాయి చెడితే తప్పు ఎవరిదని దుకాణానికి వెళ్ళి అడగలేము. మనమే సరిచేసుకోవాలి, లేదా తెలిసినవారి సహాయం తీసుకోవాలి. లినక్సులో కూడా అంతే. స్వేచ్ఛతోపాటు కొంత బాధ్యత కూడా ఉంటుంది.

తమిళనాడు అనుభవం

ఈ ఎంపిక మన రాష్ట్ర ప్రభుత్వానికి కూడా ఎదురయింది. ప్రభుత్వరంగ సంస్థ అయిన తమిళనాడు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఎల్కాట్, 2007 ప్రాంతంలో తన కంప్యూటర్లలో లినక్సు వాడకాన్ని ప్రోత్సహించింది. ఆ కాలంలోనే చెన్నైలోని సీడాక్ కేంద్రం 'బాస్' అనే భారతీయ లినక్సును రూపొందించింది. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అనే మాటలకు ఇది సంక్షిప్తరూపం. ఇది డెబియన్ ఆధారంగా తయారైంది. తెలుగు, తమిళం మొదలైన భారతీయ భాషలలో పనిచేయడానికి దీనిలో వీలు కల్పించారు.

2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం ప్రభుత్వ, సహాయ పాఠశాలల విద్యార్థులకు ఉచితంగా లాప్‌టాప్ కంప్యూటర్లు ఇచ్చే పథకాన్ని ప్రారంభించింది. తొలిదశలో ఇచ్చిన కంప్యూటర్లలో ఒక విశేషం ఉంది. వాటిలో విండోస్, బాస్ లినక్సు రెండూ ఉండేవి. కంప్యూటరును తెరవగానే ఏది కావాలో విద్యార్థే ఎంచుకోవచ్చు. ఒకే ఇంటికి రెండు వాకిళ్ళు ఉన్నట్లు!

రెండు వాకిళ్ళున్నా, అందరూ నడిచే వాకిలినే తెరవడం మనిషి స్వభావం. పక్కింటి అన్న, ఊరిలోని కంప్యూటరు శిక్షణకేంద్రం, మరమ్మతు చేసేవాడు, అందరూ విండోస్ ఎరిగినవారైతే విద్యార్థి లినక్సును ఎవరి దగ్గర నేర్చుకుంటాడు? పొరుగు రాష్ట్రమైన కేరళ ఈ విషయాన్ని మరొకవిధంగా ఎదుర్కొంది. అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చి, పాఠ్యపుస్తకాలు తయారుచేసి, బడులలో లినక్సును క్రమంగా ప్రవేశపెట్టారు. యంత్రం ఇచ్చినంత మాత్రాన చాలదని, నేర్పేవారు కూడా ఉండాలని దీనివల్ల తెలుస్తుంది.

2014 ఏప్రిల్ 8న మరొక సంఘటన జరిగింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పికి మైక్రోసాఫ్టు తన మద్దతును ఆ రోజుతో నిలిపివేసింది. అంటే దానిలో కొత్తగా లోపాలు బయటపడినా సరిదిద్దే ఏర్పాటు ఇక ఉండదు. అప్పుడు తమిళనాడు ప్రభుత్వం తన కార్యాలయాలను బాస్ లినక్సువైపు మళ్ళవలసిందిగా సూచించింది. యంత్రాలు పాడుకాలేదు. వాటికి కాపలా మాత్రమే ఆగిపోయింది. అయినా అన్ని కార్యాలయాలూ మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది. మన ఇంటి తాళంచెవి మరొకరి చేతిలో ఉన్నప్పుడు ఇటువంటి పరిస్థితి తప్పదు.

ముగ్గురి అవసరాలు

"అయితే అన్నిటికంటె మంచిది ఏది?" అని మీరు అడగవచ్చు. పని ఏమిటో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. ముగ్గురిని ఊహించుకుందాం.

మొదటివాడు విరుదునగర్ బజారులో పప్పులు, మిరపకాయలు అమ్మే వ్యాపారి. ఆయనకు కావలసినది లెక్కలు. బెంగళూరు సంస్థవారి 'టాలీ' అనే సాఫ్ట్‌వేరు ఆయన గుమాస్తాకు బాగా తెలుసు. లెక్కలు చూసే ఆడిటరు కూడా దానినే వాడతాడు. టాలీ విండోస్‌కోసం తయారైనది. అటువంటప్పుడు ఆయన విండోస్ కొనడమే మేలు. ఊరికే డబ్బు మిగులుతుందని వేరొకటి కొంటే, లెక్కలు నిలిచిపోయి అంతకంటె ఎక్కువ నష్టపోతాడు.

రెండవవాడు శివకాశి అచ్చాఫీసులో క్యాలెండర్లకు, పెళ్ళిపత్రికలకు బొమ్మలు కూర్చే కళాకారుడు. అడోబీ సంస్థవారి ఫోటోషాప్, ఇన్‌డిజైన్ ఆయన పనిముట్లు. అవి విండోస్‌లోను, మాక్‌లోను నడుస్తాయి. లినక్సుకు వాటిని తయారుచేయలేదు. జింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నేర్చుకొనేవారికి అవి చక్కగా ఉపయోగపడతాయి. కాని తోటి పనివారందరూ అడోబీ ఫైళ్ళే పంపుతూ ఉంటే, ఆయన విండోస్‌నో మాక్‌నో ఎంచుకోవలసిందే.

మూడవది కోవిల్‌పట్టి దగ్గరి ఒక పల్లెలో పదవ తరగతి చదివే బాలిక. ఆమె మేనమామ తాను వాడుకున్న పాత లాప్‌టాప్ ఇచ్చాడు. దానిలో విండోస్ 10 ఉంది. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. తరువాతిదైన విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల మెమరీ, టిపిఎం 2.0 అనే భద్రతాభాగం కావాలి. పాత యంత్రాలలో చాలావాటికి ఆ అర్హత లేదు. అయితే ఆ లాప్‌టాప్‌ను పారవేయాలా? అక్కరలేదు. ఆమెకు కావలసినవి వ్యాసం వ్రాయడం, పాఠాలు చూడడం, లెక్కల పట్టికలు వేయడం, కొంచెం ప్రోగ్రామింగు నేర్చుకోవడం. పాత యంత్రంలో కూడా తేలికగా నడిచే లినక్సు రూపాలు ఉన్నాయి. ఖర్చు లేకుండా దానిని ఎక్కించుకొంటే, ఆ లాప్‌టాప్ ఇంకా కొన్నేళ్ళు పనిచేస్తుంది. అయితే ఎక్కించేముందు తన ఫైళ్ళన్నిటినీ వేరొకచోట భద్రపరచుకోవాలి. మొదటిసారి తెలిసినవారి సహాయంతో చేయడం మంచిది.

ముగ్గురికీ మూడు జవాబులు వచ్చాయి. ఇందులో ఒకరిది తెలివి, మరొకరిది తెలివితక్కువ అనడానికి వీలులేదు. చేనుకు తగిన నాగలి కట్టినట్లు, పనికి తగిన యంత్రం ఎంచుకున్నారు.

మన అక్షరాల మాట

ఇంతవరకు చెప్పినది అందరికీ వర్తిస్తుంది. ఇక మనకు ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. అది మన లిపి.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. అంకెలు మాత్రమే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. వెనుకటి రోజులలో తెలుగు ఫాంటులు తయారుచేసిన ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా సంఖ్యలు ఇచ్చారు. చాలామంది ఆంగ్లాక్షరాల సంఖ్యలనే తీసుకొని, వాటి స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో అది తెలుగులా కనిపిస్తుంది. ఫాంటు లేనిచోట అర్థంలేని ఆంగ్లాక్షరాల కుప్ప కనిపిస్తుంది.

ఈ చిక్కును తీర్చడానికి ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే సంఖ్యాపద్ధతి ఏర్పడింది. దానిపేరు యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి రూపంలోనే తెలుగు, తమిళ లిపులకు చోటు దొరికింది. యూనికోడ్‌లో ఈ రెండు లిపులు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కొక్క లిపికి 128 స్థానాలు. తమిళ కకారం సంఖ్య 2965. దానికి 128 కలిపితే 3093. అది తెలుగు కకారం సంఖ్య. మన వీధులలో ఇరుగుపొరుగుగా ఉన్న రెండు భాషలు కంప్యూటరు లోపల కూడా ఇరుగుపొరుగుగానే ఉన్నాయి!

యూనికోడ్ వచ్చిన వెంటనే అన్ని కంప్యూటర్లలో తెలుగు కనిపించలేదు. ఒత్తులు, గుణింతాలు సరిగా అమర్చడం ప్రతి వ్యవస్థా నేర్చుకోవలసి వచ్చింది. విండోస్ ఎక్స్‌పితోపాటు 'గౌతమి' అనే తెలుగు ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు 'పోతన 2000', 'వేమన 2000' అనే యూనికోడ్ ఫాంటులను తయారుచేసి ఉచితంగా అందించారు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ స్వచ్ఛందసేవకులు లినక్సును తెలుగులోకి తెచ్చారు. ఈనాడు ప్రధానమైన వ్యవస్థలన్నిటిలోను తెలుగు చదవవచ్చు, వ్రాయవచ్చు.

అయినా పెద్ద సంస్థలు కూడా మన లిపి విషయంలో పొరపాటు పడవచ్చు. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ఆపిల్ ఫోన్లకు ఎవరైనా 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకరీతిలో సందేశంగా పంపితే, ఆ సందేశం తెరిచిన సాఫ్ట్‌వేరు ఆగిపోయేది. 'జ్ఞానం' అనే మాటలోని మొదటి అక్షరమే ఆ యంత్రానికి మింగుడుపడలేదు! ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన దానిని సరిదిద్దింది. మన అక్షరాలను వాడేవారు ఉన్నప్పుడే ఇటువంటి లోపాలు బయటపడతాయి, బయటపడినప్పుడే సరిదిద్దబడతాయి. వాడనివారి భాషలోని లోపాలను ఎవరూ పట్టించుకోరు.

టైపు చేయడం కష్టమని భయపడనక్కరలేదు. భారతీయ లిపులకోసం 'ఇన్‌స్క్రిప్టు' అనే ఉమ్మడి కీబోర్డు పద్ధతి ఉంది. దానిలో ఏ మీట నొక్కితే తెలుగు 'క' వస్తుందో, తమిళ కీబోర్డు పెట్టుకొని అదే మీట నొక్కితే తమిళ కకారం వస్తుంది. ఒకటి నేర్చుకుంటే రెండు భాషలకూ పనికివస్తుంది. తమిళానికి ప్రత్యేకంగా 1999లో తమిళనాడు ప్రభుత్వం అంగీకరించిన 'తమిళ్ 99' అనే పద్ధతి కూడా ఉంది.

ఎందుకింత జాగ్రత్త?

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో పేరుపొందిన రచయిత. ఆయన ఇంటిభాష తెలుగు. తెలుగువారు ఈ నల్లరేగడి సీమకు వలసవచ్చి స్థిరపడిన కథను ఆయన తమిళ నవలలుగా వ్రాశారు. 'గోపల్లపురత్తు మక్కళ్' అనే నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. ఈ సీమలోని పల్లెజనుల తమిళ మాటలను సేకరించి ఒక నిఘంటువు కూడా కూర్చారు. ఆయన 2021లో కన్నుమూశారు. ఆ మాటలు కాగితంమీదికి ఎక్కాయి కాబట్టి నిలిచాయి.

మరి మన ఇళ్ళలో అవ్వలు, తాతలు మాట్లాడే తెలుగు సంగతి ఏమిటి? పెళ్ళిపాటలు, పొడుపుకథలు, పొలంపనుల మాటలు, వంటల పేర్లు వారి నోటిలోనే ఉన్నాయి. ఒక బాలుడు తన అవ్వ పాడిన పాటలను శ్రద్ధగా కంప్యూటరులో ఎక్కించాడనుకుందాం. ఆ ఫాంటు మరెవరి దగ్గరా లేదు. పదేళ్ళ తరువాత ఆ కంప్యూటరు పాడయింది. ఫైలు ఉంది, కాని అది ఏ యంత్రంలోనూ చదవడానికి రావడంలేదు. అడుగుదామంటే అవ్వ లేదు. ఆ నష్టాన్ని ఎవరు తీర్చగలరు? అదే పాటలను యూనికోడ్‌లో వ్రాసి ఉంటే విండోస్‌లోను, మాక్‌లోను, లినక్సులోను, చేతిఫోనులోను కనిపించేవి. పాత కంప్యూటరు పోయినా పాట నిలిచేది.

కాబట్టి ఏ కంప్యూటరు కొన్నా రెండు నియమాలు పాటించాలి. ఒకటి, తెలుగునూ తమిళాన్నీ యూనికోడ్‌లోనే వ్రాయాలి. రెండు, ఏ వ్యవస్థలోనైనా తెరుచుకొనే పద్ధతిలో ఫైలును దాచుకోవాలి. 'లిబ్రె ఆఫీస్' అనే ఉచిత సాఫ్ట్‌వేరు మూడు కుటుంబాలలోనూ నడుస్తుంది. అది వాడే ఓడిఎఫ్ పద్ధతి 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా అంగీకారం పొందింది. ముఖ్యమైన ఫైళ్ళకు మరొక ప్రతిని వేరొకచోట ఉంచడం కూడా మరువకూడదు.

కొనేముందు అడుగవలసిన ప్రశ్నలు

1. దీనితో నేను చేయవలసిన పని ఏమిటి? ఆ పనికి కావలసిన సాఫ్ట్‌వేరు ఏ వ్యవస్థలో నడుస్తుంది?
2. చెడిపోతే మా ఊరిలోగాని, దగ్గరి పట్టణంలోగాని బాగుచేసేవారు ఉన్నారా?
3. యంత్రం ధర కాక, సాఫ్ట్‌వేరుకు ఇంకా ఎంత ఖర్చవుతుంది?
4. దీనికి భద్రతా సవరణలు ఇంకా ఎన్నేళ్ళు వస్తాయి?
5. తెలుగు, తమిళం, ఆంగ్లం మూడింటినీ ఇందులో ఇబ్బంది లేకుండా వ్రాయగలనా?
6. రేపు వేరొక కంప్యూటరుకు మారితే నా వ్రాతలు నాతో వస్తాయా?

మొదటి నాలుగు ప్రశ్నలకు జవాబులు మనిషికీ మనిషికీ మారుతాయి. చివరి రెండింటికి మాత్రం మన జవాబు ఎప్పుడూ "అవును" అనే ఉండాలి.

అగ్గిపుల్ల ఏ పెట్టెమీద గీసినా వెలిగినట్లు, మనం వ్రాసిన మాట ఏ కంప్యూటరులో తెరిచినా కనిపించాలి. యంత్రాలు వస్తాయి, పోతాయి. మాట నిలవాలి.

అభ్యాసం

I. అర్థాలు తెలుసుకోండి

జీవనాధారం = బ్రతుకుతెరువు
వ్యవస్థ = ఏర్పాటు
యాజమాన్యం = సొంతదారుగా ఉండడం
సంక్షిప్తరూపం = కుదించిన రూపం
నిఘంటువు = పదాలకు అర్థాలు తెలిపే గ్రంథం
ప్రమాణం = అందరూ అంగీకరించిన కొలత లేక పద్ధతి
నల్లరేగడి = నల్లని జిగట నేల

II. క్రింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి

1. నిర్వహణ వ్యవస్థను రచయిత ఎవరితో పోల్చారు?
2. లినక్సు కేంద్రభాగాన్ని ఎవరు, ఎప్పుడు వ్రాశారు?
3. 2011లో తొలిదశలో విద్యార్థులకు ఇచ్చిన లాప్‌టాప్‌లలోని విశేషం ఏమిటి?
4. యూనికోడ్‌లో తెలుగు, తమిళ కకారాల సంఖ్యల మధ్య తేడా ఎంత?
5. 2018లో ఏ తెలుగు అక్షరం వల్ల ఫోన్లలో చిక్కు కలిగింది?

III. క్రింది ప్రశ్నలకు ఎనిమిది వాక్యాలకు తక్కువ కాకుండా జవాబులు వ్రాయండి

1. కడలై మిఠాయి ఉదాహరణ ద్వారా రెండు రకాల సాఫ్ట్‌వేరుకు గల తేడాను వివరించండి.
2. వ్యాపారి, అచ్చాఫీసు కళాకారుడు, విద్యార్థిని – ఈ ముగ్గురి ఎంపికలు వేరువేరుగా ఉండడానికి కారణాలేమిటి?
3. "వాడనివారి భాషలోని లోపాలను ఎవరూ పట్టించుకోరు." ఈ వాక్యాన్ని సమర్థిస్తూ వ్రాయండి.

IV. క్రింది పదాలను విడదీసి, సంధి పేరు వ్రాయండి

జీవనాధారం, ఆంగ్లాక్షరాలు, మరొకటి, ఇంకొకటి

V. సొంతవాక్యాలలో ప్రయోగించండి

పెద్దదిక్కు, చేతిమీదుగా, కట్టుబడు, మింగుడుపడు, ఇరుగుపొరుగు

VI. కృత్యం

మీ అవ్వనుగాని తాతనుగాని అడిగి, ఇంటిలో మాత్రమే వినిపించే పది తెలుగు మాటలను, ఒక పాటను సేకరించండి. వాటిని మొదట నోటుపుస్తకంలో వ్రాయండి. తరువాత బడిలోని కంప్యూటరులోగాని, చేతిఫోనులోగాని యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. మరొక రకం కంప్యూటరులోనో ఫోనులోనో తెరిచి, అక్షరాలన్నీ సరిగా కనిపిస్తున్నాయో లేదో పరిశీలించి మీ ఉపాధ్యాయునికి చూపండి.